మా గ్యారేజీలో ఎగిరిన విమానం గురించి

స్కెల్బీ పోలీస్ స్టేషన్, యార్క్‌షైర్. మే నెల, గురువారం మధ్యాహ్నం. సార్జెంట్ రూత్ బీటన్ గారు అడగగా చెప్పినది; చెప్పినది చెప్పినట్టు రాసుకున్నది.

నా పేరు గ్లెనిస్ హార్డ్‌కాజిల్. వయస్సు అరవై ఎనిమిది. భర్త పేరు క్లిఫర్డ్. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. మా ఇల్లు మిల్ లేన్‌లో, పోస్టు డబ్బాకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. నా వృత్తి ప్రాథమిక పాఠశాల ముందు నిలబడి పిల్లలను రోడ్డు దాటించడం. ఉద్యోగం మానేసి మూడేళ్ళయింది. అయినా వృత్తి ఏమిటని ఎవరైనా అడిగితే నోటికి ఇంకో మాట రాదు. పొడవాటి కర్ర చివర గుండ్రటి 'ఆగండి' బోర్డు ఉంటుంది కదా, దాన్ని ఊరంతా లాలీపాప్ అంటుంది. అది పట్టుకుని ముప్పై ఏళ్ళు నిలబడ్డాను. ఒక్క పిల్లవాడికి మోకాలు కూడా గీసుకుపోలేదు. ఈ మాట ప్రత్యేకంగా రాసుకోవలసిందిగా కోరుతున్నాను.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఇంకొక మనవి. ఈ ఉదయం మా ఇంటి దగ్గర జరిగినది చాలా పెద్ద నేరమని నా అభిప్రాయం. కాబట్టి విచారణ తేలేదాకా నేను దేశం దాటిపోకుండా ఆదేశాలు ఇవ్వాలి. కనీసం శనివారం గడిచేదాకా అయినా ఇవ్వాలి. అంత అవసరమేమీ లేదని సార్జెంట్ గారు అన్నారు. అయినా రాయమన్నాను. రాశారు.

శనివారం ఉదయం నేను, క్లిఫర్డ్, మా చెల్లెలు మేవిస్ స్పెయిన్ వెళ్ళాలి. కాలా ముర్తా అనే బీచి ఊరు, హోటల్ త్రెస్ లిమోనెస్, ఒక వారం. విమానం, గది, రెండు పూటల భోజనం అన్నీ ఒకే ధరలో. ఈ యాత్రకు ప్రణాళిక మొత్తం నాదే. మా మేవిస్‌కు భయం కాబట్టి ఆ పని నా మీద వేసుకున్నాను.

మేవిస్ నాకన్నా నాలుగేళ్ళు చిన్న. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. ఆమె భర్త ఆర్నల్డ్ పోయి మూడో ఏడు నడుస్తోంది. ఆర్నల్డ్ పోయాక మేవిస్ బాగా భయస్థురాలైపోయింది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నేనే చెప్పాను.

ఆర్నల్డ్ పోయిన ఏడే మేవిస్ మొదటిసారి స్పెయిన్ మాట ఎత్తింది. మా ఇంట్లో ఆదివారం భోజనాల దగ్గర, గ్రేవీ గిన్నె చేతిలో పట్టుకుని, "గ్లెన్, నాకు ఇసకలో కాళ్ళు చాపుకుని కూచోవాలనుందే. వానలో కాదు, ఎండలో" అంది. అలాగే వెళ్దామన్నాను. కానీ ఆ ఏడు క్లిఫర్డ్‌కు మోకాలు నొప్పి వచ్చి ప్రయాణం ఆగింది. ఆయనకు ఆ నొప్పి గుర్తు లేదు. నేను గుర్తు చేస్తే కుంటాడు. నిరుడు ఇల్లు వెచ్చబెట్టే బాయిలరు చెడిపోయి మళ్ళీ ఆగింది. బాయిలరు ఒక్క పూటలో బాగైపోయిందని క్లిఫర్డ్ అంటాడు. నన్నడిగితే బాగైన బాయిలరునే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి.

ఈ జనవరిలో మళ్ళీ అదే బల్ల దగ్గర మేవిస్ ఫోర్కు కింద పెట్టింది.

"గ్లెన్, ఈసారి మేలో పోతున్నా. నువ్వొస్తే ముగ్గురం పోదాం. రాకపోతే నేనొక్కదాన్నే పోతా. ఇంక నిన్ను అడగను" అంది.

ఇంక అడగను అనే మాట మా మేవిస్ నోట నేను ఎప్పుడూ వినలేదు. చిన్నప్పటి నుంచి ప్రతిదీ నన్ను అడిగే చేసింది. ఆర్నల్డ్‌ను పెళ్ళి చేసుకోనా అని కూడా నన్నే అడిగింది. నేను ఇప్పుడు కాదంటే అది వెళ్ళిపోతుంది, మళ్ళీ ఏదీ అడగదు, ఇంతే సంగతులు అనిపించింది. అందుకని మర్నాడే ప్లాను పని మొదలుపెట్టాను.

సార్జెంట్ గారు ఈ ఉదయం జరిగినదానికి రమ్మంటున్నారు. వస్తున్నాను. కానీ ప్లాను అర్థం కాకపోతే గ్యారేజీ అర్థం కాదు.

మార్కెట్ వీధిలో టిక్కెట్లు అమ్మే దుకాణానికి వెళ్ళాను. అక్కడ కెర్రీ అనే అమ్మాయి ఉంటుంది. మంచి పిల్ల. చవకగా కావాలి గానీ చవకబారుగా ఉండకూడదు, అన్నిటికన్నా ముందు క్షేమంగా ఉండాలి అని చెప్పాను. కెర్రీ ఈ హోటలు బొమ్మ చూపించింది. హోటలుకూ సముద్రానికీ మధ్య ఒక రోడ్డు కనిపించింది.

"ఈ రోడ్డు ఎవరు దాటిస్తారు తల్లీ?" అని అడిగాను.

"ఎవరూ దాటించరండీ. ఎవరికి వాళ్ళే దాటతారు."

ఆ మాట వినగానే నాకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. మా మేవిస్ గురించి.

తరువాత బాల్కనీ కమ్మీ ఎత్తు ఎంతో కనుక్కోమన్నాను. కెర్రీ ఫోను చేసింది. హోటల్లో ఉన్న పెద్దమనిషి పోయి నిలబడి చూసి, నా బొడ్డు దాకా ఉంది అన్నాడట. ఆయన పొడుగెంతో అడగమన్నాను. కెర్రీ ఒక క్షణం కళ్ళు మూసుకుని, మళ్ళీ ఫోను చేసి అడిగింది. పొట్టివాడేనట. గది మొదటి అంతస్తులో ఉండాలన్నాను. నేల మీదైతే దొంగలు రావచ్చు, మరీ పైనైతే మంటలు లేచినప్పుడు నిచ్చెన అందకపోవచ్చు. సముద్రంలో కుట్టే చేపలున్నాయా, దగ్గర్లో డాక్టరుకు మన భాష వచ్చా, కుళాయి నీళ్ళు తాగవచ్చా, విమానం రెక్క కిటికీలోంచి కనిపిస్తుందా, కనిపించకుండా ఉండే సీటు ఏది అని కూడా అడిగాను. నాలుగోసారి వెళ్ళేసరికి కెర్రీ నన్ను అద్దంలోంచి చూసి భోజన విరామం బోర్డు తిప్పింది. అప్పటికి ఉదయం పది కూడా కాలేదు.

చవక సంగతి కూడా మర్చిపోలేదు. మధ్యాహ్నం భోజనం ధరలో కలవలేదు కాబట్టి, పొద్దున్న టిఫిను బల్ల మీంచి రొట్టె, జున్ను రుమాల్లో చుట్టుకుని సంచిలో వేసుకోవాలి. ఇది మా వాళ్ళందరూ చేసేదే, దొంగతనం కింద రాయవద్దని సార్జెంట్ గారిని కోరాను. వాళ్ళ అమ్మ కూడా అలాగే చేస్తుందని సార్జెంట్ గారు అన్నారు, అది రాయడానికి మాత్రం కాస్త తటపటాయించారు. టీ పొట్లాలు ఇక్కడి నుంచే తీసుకుపోతాం. అక్కడి టీ మీద నాకు నమ్మకం లేదు.

టిక్కెట్లు కొన్నాక ఒక్కటే మిగిలింది. రోడ్డు దాటడం కొత్తపిల్లలకు ఎలా నేర్పిస్తాం? బడి వసారాలో సుద్దముక్కతో రోడ్డు గీసి, ఉత్తుత్తి కార్లు పెట్టి, పదిసార్లు దాటిస్తాం. స్పెయిన్ కూడా అలాగే చేయాలనుకున్నాను. మేవిస్ భయం పోవాలంటే అంతా ముందు ఇంట్లో ఒకసారి జరిగిపోవాలి.

మొదట తిండి. క్లిఫర్డ్ డబ్బాలో దొరికే స్పెయిన్ రొయ్యల అన్నం వండాడు. అందులో బఠాణీలు, కొంచెం సాసేజి తనంతట తనే వేశాడు. ముగ్గురం తిన్నాం. ఎవరికైనా కడుపులో తేడా చేస్తుందేమోనని సాయంత్రం దాకా కనిపెట్టుకుని కూర్చున్నాను. మేవిస్ రెండోసారి వడ్డించుకుని తిని, గిన్నె కడిగి ఇంటికి పోయింది.

తరువాత ఎండ. దానికి ఎండ లేదు, మాది స్కెల్బీ. పెరట్లో మడత కుర్చీలు వేసి, అందరికీ ముఖాలకూ మెడలకూ ఎండ క్రీము దట్టంగా పూసి, తువ్వాళ్ళు పరిచి పడుకోబెట్టాను. చినుకులు మొదలయ్యాయి. క్లిఫర్డ్ నిక్కరు మీద, గొడుగు పట్టుకుని, క్రికెట్ స్కోరు వింటూ పడుకున్నాడు.

"ఎంతసేపే ఇలా?" అన్నాడు.

"ఒకవైపు అయ్యాక తిరగాలి" అన్నాను.

మేవిస్ పకపకా నవ్వింది. భయం ఎక్కువైనప్పుడు కొందరు అలాగే నవ్వుతారు.

ఇక విమానం. ఈ ఉదయం సంగతి ఇదే.

డిపోలో పాత బస్సు ఒకటి తుక్కుకు వేసినప్పుడు క్లిఫర్డ్ రెండు జోడు సీట్లు తెచ్చుకుని గ్యారేజీలో పెట్టుకున్నాడు. వాటిని ఒకదాని వెనక ఒకటి పెట్టించాను. ముందు సీటు కిటికీ వైపు మేవిస్‌ను కూర్చోబెట్టాను. కిటికీ అంటే మా గ్యారేజీకి పక్కింటి వైపు ఉన్న చిన్న అద్దం. వెనక సీట్లో మా బింగో ఆట స్నేహితురాలు ఓలివ్. ఓలివ్ మాతో రావడం లేదు. విమానం మరీ ఖాళీగా ఉంటే బాగుండదని, టీ, కేకు ఇస్తానని పిలిచాను. పడవల క్లబ్బు నుంచి నారింజ రంగు తేలుడు కోట్లు, అంటే లైఫ్ జాకెట్లు, అడిగి తెచ్చి ఇద్దరికీ తొడిగాను. నిద్రపోవడానికి కళ్ళకు నల్లగంతలు కట్టాను. క్లిఫర్డ్ పైలట్. ఆయన దగ్గర ఒక వాక్యూమ్ క్లీనరు, ఓలివ్ ఇంటి నుంచి తెచ్చిన ఇంకో వాక్యూమ్ క్లీనరు ఉన్నాయి. విమానం లేచేటప్పుడు మొదటిది, మేఘాల్లోకి వెళ్ళేటప్పుడు రెండోది. కుదుపుల కోసం సీటును కాలితో తన్నాలి.

నేను ముందు లాలీపాప్ పట్టుకుని నిలబడ్డాను. ఉద్యోగం మానేసిన రోజు దాన్ని ఊరి కౌన్సిల్‌కు తిరిగి ఇవ్వవలసింది. వాళ్ళు అడగలేదు, నేను గుర్తు చేయలేదు. చేతిలో అది లేకపోతే నాకు నలుగురి ముందు నోరు పెగలదు. ఇది కూడా నేరమే కాబట్టి లెక్కలో వేసుకోవలసిందిగా కోరుతున్నాను.

ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే చెప్పాను. ముందు తలలు మోకాళ్ళ మీదికి వంచాలి. తరువాత గ్యారేజీ తలుపు తీసుకుని, వరసగా, తోసుకోకుండా రోడ్డు దాటి, ఎదురుగా పోస్టు డబ్బా దగ్గర నిలబడాలి.

క్లిఫర్డ్ మొదటి మిషను వేశాడు. "హార్డ్‌కాజిల్ విమానానికి స్వాగతం. తర్వాతి స్టాపు, బస్ స్టేషను" అన్నాడు. నలభై ఏళ్ళ అలవాటు, ఆయన తప్పు కాదు. రెండో మిషను కూడా వేశాడు. మోతకు చెవులు గింగురుమన్నాయి. సీట్లను తన్నడం మొదలుపెట్టాడు. నేను గట్టిగా అరిచాను.

"తలలు దించండి! ఎవరూ లేవకూడదు! నేను చెప్పేదాకా ఎవరూ కదలొద్దు!"

ఈ సమయంలోనే పక్కింటి ట్రెంచ్ గారు మా నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వచ్చి, గ్యారేజీ అద్దంలోంచి చూశారు. ఆయన ఇంగ్లండు దక్షిణం వైపు నుంచి మా వీధికి వచ్చి ఇంకా నెల కాలేదు. మా గురించి ఏమీ తెలియదు. లోపల కళ్ళకు గంతలు కట్టిన ఇద్దరు ముసలమ్మలు తలలు వంచుకుని వణుకుతుంటే, ఒకావిడ కర్రతో బెదిరిస్తూ ఉంటే, ఒకాయన వెనక నుంచి తంతూ ఉంటే, ఆయన నిచ్చెన అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తి అత్యవసర నంబరుకు ఫోను చేశారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. నిచ్చెన మాత్రం వానకు తడిసింది.

ఇప్పుడు సార్జెంట్ గారు అడిగిన ప్రశ్నకు జవాబు. అవును, ఆ తరువాత నేను కూడా తల దించాను. తల ఎలా దించాలో వాళ్ళకు చూపించడానికి ముందున్న స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మీదికి వంగాను. రెండు మిషన్లూ మోగుతున్నాయి. నేల అదురుతోంది. అప్పుడు నా తల లేవలేదు.

మెడ పట్టేయలేదు. నడుముకు ఏమీ కాలేదు. తల లేవలేదు, అంతే. చేతులు కర్రను పట్టేసుకున్నాయి, ఎంత వదిలిద్దామన్నా వదలవు.

క్లిఫర్డ్ మిషన్లు ఆపేశాడు. నా పక్కకు వచ్చి వంగి, "దిగిపోయాం గ్లెన్. స్పెయిన్ వచ్చేసింది" అన్నాడు.

"ఇంకా రాలేదు" అన్నాను.

"ఇది గ్యారేజీయేనే పిచ్చిదానా. కారు కూడా బయటే ఉంది చూడు."

"ఇంకా ఎగురుతూనే ఉంది."

మేవిస్ గంతలు విప్పుకుని వచ్చి నా ముందు నేల మీద కూర్చుంది. దాని ముఖం నా ముఖానికి ఎదురుగా, కిందుగా వచ్చింది. తేలుడు కోటు చెవుల దాకా పైకి తన్నుకొచ్చింది.

"గ్లెన్, నువ్వెప్పుడైనా విమానం ఎక్కావా?"

"నీకు తెలుసుగా."

"తెలుసు. విమానం ఎక్కలేదు. ఓడ ఎక్కలేదు. నా పెళ్ళి పక్కూళ్ళో అయితే దానికీ ఆలస్యంగా వచ్చావ్. క్లిఫర్డ్ మోకాలన్నావ్, బాయిలరన్నావ్. ఈ మూడేళ్ళలో నాకు భయమని నేనెప్పుడైనా అన్నానా?"

"నువ్వు మనసులో అనుకున్నావ్."

"నా మనసులో ఉన్నది ఇసకే."

వెనక సీట్లోంచి, గంతలు ఇంకా తీయకుండానే, "ఇప్పుడు లేవొచ్చా?" అని ఓలివ్ అడిగింది.

సార్జెంట్ గారు నీళ్ళు ఇచ్చారు. తాగాను.

మేవిస్ అన్నది నిజం. మూడేళ్ళుగా మేవిస్ భయం, మేవిస్ భయం అని నేను చెప్పినదంతా నా భయమే. మేవిస్‌ది అంటే ఊళ్ళో అందరూ అయ్యో పాపం అనేవారు. నాది అంటే నవ్వుతారు. పొడవాటి కర్ర పట్టుకుని లారీలను ఆపిన మనిషికి భయమేమిటంటారు. కానీ చూడండి, ముప్పై ఏళ్ళలో నేను రోడ్డు మధ్యదాకా వెళ్ళేదాన్ని. పిల్లలు నా పక్కనుంచి అవతలికి పోయేవారు. నేను వెనక్కి తిరిగి నా వైపుకే వచ్చేదాన్ని. మధ్య నుంచి అవతలికి ఏనాడూ వెళ్ళలేదు. వెళ్ళవలసిన అవసరం ఉద్యోగంలో రాలేదు, ఉద్యోగం బయట నేను రానివ్వలేదు. మార్కెట్టు, బింగో, మేవిస్ ఇల్లు అన్నీ మా వైపే.

ఇంతలో సైరను వినిపించింది. రెండు వాహనాల సైరన్లు మిల్ లేన్ మొదట్లో మలుపు తిరిగాయి. మా కోసమని అప్పటికి మాకు తెలియదు.

"ఎవరికో ఒంట్లో బాలేనట్టుంది" అన్నాడు క్లిఫర్డ్.

మేవిస్ లేచింది. నా చేతుల్లోంచి లాలీపాప్ తీసుకుంది. నేను వదలకపోతే వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. తరువాత గ్యారేజీ తలుపు పైకెత్తింది.

"పద. ప్రమాదం వస్తే పోస్టు డబ్బా దగ్గరికి పోవాలన్నది నువ్వే కదా."

"సైరను వస్తోందే. వాళ్ళు పోయాక పోదాం."

"నువ్వు ఎప్పుడూ పోయాకే పోదామంటావ్. చెయ్యి పట్టుకో."

పట్టుకున్నాను. మేవిస్ రోడ్డు అంచున ఆగింది. నేను పిల్లలకు చెప్పినట్టే, కుడివైపు చూడు, ఎడమవైపు చూడు, మళ్ళీ కుడివైపు చూడు అంది. కుడివైపు నుంచి పోలీసు వ్యాను దూసుకొస్తోంది. మేవిస్ రోడ్డు మీదికి దిగి, ఒక చేత్తో నన్ను పట్టుకుని, రెండో చేత్తో లాలీపాప్ నిలబెట్టింది. తేలుడు కోటు కూడా మా ఉద్యోగం కోటులాగే జిగేలుమనే రంగు కాబట్టి దూరం నుంచి చూస్తే కొలువులో ఉన్న మనిషిలాగే ఉంది.

వ్యాను ఆగింది. సైరను ఆపేశారు. వెనక రెండో వ్యాను ఆగింది. దాని వెనక రొట్టెల బండి, దాని వెనక బస్సు ఆగాయి.

వ్యాను నడుపుతున్నది కానిస్టేబుల్ ఎలియట్ స్పింక్. వాడిని ఐదో ఏటి నుంచి పదకొండో ఏటి దాకా రోజుకు రెండుసార్లు నేనే రోడ్డు దాటించాను. ముక్కు కారుతూ ఉండేది. పక్కన కూర్చున్న పై అధికారి "ఆపావేంటి? లోపల బందీలున్నారు, పోనీ!" అన్నారట. "లాలీపాప్ పైకుంది సార్" అన్నాడట ఎలియట్. ఆ అధికారి అటు చూసి, సీట్లో వెనక్కి ఆనుకున్నారట. ఆయనా ఈ ఊళ్ళోనే చదువుకున్నారు.

నేను రోడ్డు మధ్యదాకా వచ్చాను. అక్కడ కాళ్ళు వాటంతట అవే ఆగాయి. అలవాటుగా వెనక్కి తిరగబోయాను. మేవిస్ చెయ్యి వదల్లేదు.

"ఇక్కడిదాకా నీకు వచ్చుగా. ఇటు నడు. నేనున్నాను" అంది.

అది నా మాట. ముప్పై ఏళ్ళు పిల్లలకు నేను చెప్పిన మాట అదే. వాళ్ళు ఎందుకు నడిచేవారో నాకు ఇవాళే తెలిసింది. నడిచాను. అవతలి గట్టు ఎక్కి పోస్టు డబ్బాను రెండు చేతులా పట్టుకున్నాను.

మా వెనకే ఓలివ్ దాటింది. దాని వెనక క్లిఫర్డ్ రెండు వాక్యూమ్ క్లీనర్లూ ఈడ్చుకుంటూ దాటాడు. విమానం ఖాళీ చేసేటప్పుడు సామాను వదిలేయాలని నేను అంతకుముందే చెప్పాను, ఆయన వినలేదు. అందరూ దాటాక మేవిస్ బోర్డు దించింది. అప్పుడు పోలీసులు హెల్మెట్లు, డాళ్ళతో దిగి మా గ్యారేజీలోకి పరుగెత్తారు. లోపల ఎవరూ లేరు.

ఎలియట్ మా దగ్గరికి వచ్చాడు. "మిసెస్ హార్డ్‌కాజిల్, బందీలు ఎక్కడున్నారండీ?" అని అడిగాడు.

ఓలివ్ చెయ్యెత్తింది. "నన్ను టీ ఇస్తానని పిలిచారు బాబూ. కేకు కూడా అన్నారు. రెండు గంటలైంది, ఇంతవరకూ చుక్క ఇవ్వలేదు" అంది.

ఆ తరువాత జరిగినది సార్జెంట్ గారికి తెలుసు. ట్రెంచ్ గారు వచ్చి అందరికీ క్షమాపణ చెప్పారు. ఓలివ్‌కు ఆయనే టీ ఇచ్చారు. పోలీసు వ్యానును ఆపినందుకు మేవిస్ మీద, కౌన్సిల్ సొత్తు ఉంచుకున్నందుకు నా మీద మాట వచ్చింది కాబట్టి ఇద్దరం స్టేషనుకు వచ్చాం. మేవిస్ తప్పు ఏమీ లేదు. ప్లాను నాది, గ్యారేజీ నాది, లాలీపాప్ నా దగ్గరిది. కేసు ఏదైనా ఉంటే నా మీదే రాయండి, దాన్ని వదిలేయండి. శనివారం దానికి విమానం ఉంది.

పోస్టు డబ్బా దగ్గరికి చేరాక ఏమైందని సార్జెంట్ గారు అడిగారు.

ఏమీ కాలేదు.

అంటే ఏమీ కాలేదా అని మళ్ళీ అడిగారు. ఆలోచించి చెబుతున్నాను. ఏమీ కాలేదు. చిన్న వాన పడుతోంది. పోస్టు డబ్బా చల్లగా ఉంది. అక్కడి నుంచి మా ఇల్లు కనిపించింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను గానీ, ఎదురుగా నిలబడి ఎప్పుడూ చూడలేదు. ఉత్తరాలు కూడా క్లిఫర్డే వేసి వస్తాడు. పై కిటికీకి రంగు వేయాలి. మేవిస్ నా వీపు నిమురుతూ, "చూశావా, దాటాం" అంది. నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను.

సార్జెంట్ గారు నేను చెప్పినది చదివి వినిపించారు. "అటుపక్కకు చేరాక ఏమీ కాలేదు" అన్న చోట ఆగమని, ఆ వాక్యం మళ్ళీ చదవమన్నాను. చదివారు. నేను ఏమీ చేర్చలేదు.

లాలీపాప్‌ను కౌన్సిల్‌కు అప్పగిస్తారని, నన్నూ మేవిస్‌నూ హెచ్చరించి వదిలేస్తారని సార్జెంట్ గారు చెప్పారు. స్పెయిన్‌లో పోలీసు వాహనాలను ఆపవద్దని మేవిస్‌కు ప్రత్యేకంగా చెప్పారు. మేవిస్ ప్రస్తుతం బయట వసారాలో బెంచీ మీద తేలుడు కోటుతోనే కూర్చుని ఉంది. తలుపు సందులోంచి తొంగిచూసి, "అయిందా? సూటుకేసులు సర్దాలి" అని ఇప్పటికి రెండుసార్లు అడిగింది. అది నన్ను అడుగుతోంది. ఈ మాట కూడా రాయమన్నాను.

మొదట్లో నేను చేసిన మనవి, అంటే నన్ను శనివారం దాకా దేశం దాటనివ్వవద్దన్నది, కొట్టివేయవలసిందిగా కోరుతున్నాను. రాసినదాన్ని కొట్టివేయాలంటే పక్కన చిన్న సంతకం ఉండాలన్నారు. పెట్టాను.

పైన ఉన్నదంతా నేను చెప్పినదే. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ మాట అందించలేదు. విన్నాను, సరిగ్గానే ఉంది. ఇందులో అబద్ధమని తేలితే శిక్షకు సిద్ధమే. అయితే ఆ శిక్ష పై వారం ఆదివారం తరువాత వేయాలి, అప్పటికి తిరిగి వస్తాను. సంతకం కొంచెం వంకరగా వచ్చింది. అది నాదే.

(సంతకం) గ్లెనిస్ హార్డ్‌కాజిల్

నా ఎదుట సంతకం చేసినది: సార్జెంట్ రూత్ బీటన్